మాట ఒంటరిగా రాదు: జీఆర్‌ఈకి చదివే మన పిల్లలకు కొన్ని అనుభవ పాఠాలు

సంక్రాంతికో, వేసవి సెలవులకో ఊరికి వచ్చిన ఇంజినీరింగ్ పిల్లలు కొందరు మా ఇంటి వైపు వస్తుంటారు. కొందరు బళ్లో నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు, మరికొందరు వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ. మా పొదిలి వాళ్లే కాదు, కొనకనమిట్ల, మర్రిపూడి, తర్లుపాడు వైపు నుంచి కూడా వస్తారు. అమెరికాలో ఎమ్మెస్ చెయ్యాలని, దానికి జీఆర్‌ఈ రాయాలని వాళ్ల తాపత్రయం. లెక్కల గురించి నన్ను ఎవరూ అడగరు, అవి వాళ్లకొచ్చు. వెర్బల్ దగ్గరికి వచ్చేసరికే గొంతు తగ్గుతుంది. "ఇన్ని వేల మాటలు ఎట్టా గుర్తుపెట్టుకునేది సార్?" అంటారు. వచ్చినవాళ్లకు వచ్చినట్టు నోటితో చెబుతూ వచ్చిన సంగతులు ఇవి. ఒకచోట ఉంటే రాలేనివాళ్లకు కూడా అందుతాయని రాస్తున్నాను.

1. మాటని వాక్యంతో సహా పట్టుకోండి.

మన పొగాకు రైతుని చూడండి. బడి గడప పెద్దగా తొక్కనివాళ్లు కూడా బ్యారన్, బేలు, గ్రేడు, ప్లాట్‌ఫారం, నోబిడ్ అన్న మాటలు తడుముకోకుండా వాడతారు. ఒక్కటీ నిఘంటువులో చూసి నేర్చుకున్నది కాదు. వేలం కేంద్రంలో తన బేలు ముందు నుంచి వ్యాపారులంతా ధర చెప్పకుండా దాటిపోతే, దాన్ని మళ్లీ బండికెత్తి ఇంటికి తోలుకురావలసి వస్తే, ఆ సాయంత్రానికి 'నోబిడ్' అనే మాట రైతు ఒంట్లో ఇంకిపోతుంది. ఆ మాట ఎవరు అంటారో, ఎప్పుడు అంటారో, అన్నాక ఏం జరుగుతుందో, దాని పక్కన ఏ మాటలు వస్తాయో అన్నీ ఒక్కసారే వచ్చేశాయి. పెద్ద చదువుల ఇంగ్లీషు కూడా ఇదే దారిలో రావాలని నా గట్టి నమ్మకం.

కాబట్టి నోటుపుస్తకంలో మాట, అర్థం అని రెండు గళ్లు గీసుకునే అలవాటు మానెయ్యండి. ఆ మాట మీకు ఏ వాక్యంలో కనిపించిందో ఆ వాక్యం మొత్తం రాయండి. దాని కింద మన ఊరి సంగతితో మీ సొంత వాక్యం ఒకటి ఇంగ్లీషులో రాయండి. 'ఎఫెమెరల్' అంటే కొద్దిసేపే ఉండేది. భూగోళ శాస్త్రంలో, వాన పడినప్పుడే పారి ఆ తరవాత ఎండిపోయే వాగుని 'ఎఫెమెరల్ స్ట్రీమ్' అనే పిలుస్తారు. అలాంటి వాగులు మన పడమటి ప్రకాశంలో పుట్టిన పిల్లలకి ఒకరు చూపించాలా? 'ప్రొట్రాక్టెడ్' అంటే సాగి సాగి లాగబడుతున్నది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న ప్రాంతం మనది, ఆ ఎదురుచూపు మీద వాక్యం రాస్తే ఆ మాట ఇక ఎటూ పోదు. పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణల్లో లండన్ పొగమంచూ న్యూయార్క్ సంగీత కచేరీలూ ఉంటాయి. వాటిని ఒకసారి చదివి వదిలెయ్యండి.

2. పరీక్ష ఏం అడుగుతోందో ముందు చూడండి.

చాలామంది చేతుల్లో అన్నలు దాటించిన పుస్తకాలుంటాయి. అమీర్‌పేటలో జెరాక్సు తీయించినవి, అట్టలు ఊడిపోయినవి. వాటిలో బ్యారన్స్ వారి 3500 మాటల జాబితా ఒకప్పుడు పెద్ద పేరున్నది. అప్పటి పరీక్షకి అది సరిపోయేది. ఎందుకంటే ఆ రోజుల్లో వ్యతిరేక పదాలు, పదాల జోడీల పోలికలు నేరుగా అడిగేవాళ్లు. మాటకి అర్థం తెలిస్తే చాలు, మార్కు పడేది.

2011 ఆగస్టులో పరీక్ష మారింది. ఆ రెండు రకాల ప్రశ్నలూ తీసేశారు. 200 నుంచి 800 దాకా ఉండే స్కోరు 130 నుంచి 170 అయింది. ఇప్పుడున్నవి మూడు రకాలు. ఖాళీలు పూరించడం ఒకటి. ఒకే ఖాళీకి ఆరు మాటలిచ్చి, ఒకే భావం వచ్చేట్టు రెండింటిని ఎంచుకోమనేది ఇంకొకటి. మూడోది పేరా చదివి జవాబు చెప్పడం, వెర్బల్లో దాదాపు సగం అదే. 2023 సెప్టెంబరులో పరీక్షని ఇంకా కుదించి రెండు గంటల లోపుకి తెచ్చారు. వెర్బల్ మొత్తం 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. దీన్ని బట్టి మీకే తెలియాలి: వాక్యం నడక పట్టుకోలేని వాడికి 3500 మాటలు వచ్చినా పెద్దగా ఒరిగేది లేదు. వెయ్యి మాటలు లోతుగా తెలిసి, వాటిని వాక్యంలో గుర్తుపట్టగలిగితే వాడి చెయ్యి పైన ఉంటుంది. జాబితాని పారెయ్యమనడం లేదు. మీకు ఏ మాట తెలియదో చెప్పడానికి అది పనికొస్తుంది, అంతవరకే వాడుకోండి.

3. మాటకి రంగు ఉంటుంది. అది కూడా రాసుకోండి.

'ఫ్రూగల్', 'పార్సిమోనియస్' రెండిటికీ ఎదురుగా "పొదుపు" అని రాసుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. మన పక్కింటాయన్ని పొదుపరి అంటే సంతోషిస్తాడు. పిసినారి అంటే రేపటి నుంచి మాట్లాడడు. మొదటి మాట పొదుపరి, రెండోది పిసినారి. తెలుగులో ఇంత సూక్ష్మంగా తెలిసిన తేడాని ఇంగ్లీషుకి వచ్చేసరికి ఎందుకు చెరిపేస్తారు? 'రిజల్యూట్' పట్టుదల, 'ఆబ్‌స్టినేట్' మొండితనం. 'ఇంట్రెపిడ్' ధైర్యం, 'ఫూల్‌హార్డీ' తెలివిలేని తెగింపు. ప్రతి మాట పక్కనా మెచ్చుకోలా, తిట్టా, మామూలు మాటా అని ఒక గుర్తు పెట్టుకోండి. పరీక్షలో ఒక్కోసారి మాట పూర్తి అర్థం గుర్తురాదు, రంగు గుర్తొస్తుంది. రచయిత ఒకణ్ని మెచ్చుకుంటున్నాడని వాక్యం చెబుతుంటే, తిట్టు రంగున్న మాటలన్నీ కొట్టేయొచ్చు.

మీ ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ ఉంటే వాళ్ల మాట తీరు వినండి. "గట్టిది", "గయ్యాళి", "గడుసుది" అని ఒకే మనిషిని ముగ్గురు మూడు రకాలుగా అంటారు. అంటున్నవాళ్లకి ఆమె మీద ఉన్న అభిప్రాయమేంటో ఆ మాటలోనే తెలిసిపోతుంది. వెర్బల్ పేరాల్లో "రచయిత వైఖరి ఏమిటి" అని అడిగే ప్రశ్నలకి కావలసిన చెవి అదే.

4. తెలిసిన మాటల దగ్గరే ఎక్కువ జాగ్రత్త.

తెలియని మాట కనిపిస్తే పిల్లలు ఆగి ఆలోచిస్తారు. తెలిసిన మాట కనిపిస్తే దూసుకుపోతారు, అక్కడే దెబ్బ తింటారు. 'క్వాలిఫై' అంటే పరీక్ష గట్టెక్కడం అనే మనకు తెలుసు. చదువుల ఇంగ్లీషులో "ఆయన తన వాదనని క్వాలిఫై చేశాడు" అంటే, తను అన్నదానికి కొన్ని పరిమితులు పెట్టుకున్నాడు, కాస్త వెనక్కి తగ్గి చెప్పాడు అని. 'టెంపర్' కోపమే కాదు, తీవ్రత తగ్గించడం కూడా. 'చెక్' బ్యాంకులోదే కాదు, అదుపు చెయ్యడం. 'ఎకానమీ' దేశానిదే కాదు, మాటల్లో చేతల్లో పొదుపు. 'వాంట్' కోరికే కాదు, లేమి. 'ఫ్లాగ్' జెండా మాత్రమే కాదు, నీరసించిపోవడం.

'శాంక్షన్' అయితే ఇంకా విచిత్రం. పింఛను శాంక్షనైంది, లోను శాంక్షనైంది అని మన ఊళ్లో ముసలివాళ్లు కూడా అంటారు, అక్కడ అది ఆమోదం. ఒక దేశం మీద ఇంకో దేశం శాంక్షన్లు పెట్టిందంటే ఆంక్షలు. ఒకే మాట ఇటూ ఉంది, దానికి పూర్తిగా ఎదురుగానూ ఉంది. ఏది ఎక్కడో చెప్పేది చుట్టూ ఉన్న వాక్యం ఒక్కటే.

చెవికి మోసం చేసే మాటలు ఇంకో గుంపు. 'నోయిసమ్' మాటలో చప్పుడు లేదు, దాని అర్థం దుర్వాసన కొట్టేది, హాని చేసేది. 'ఎనర్వేట్' వింటే ఎనర్జీ గుర్తొస్తుంది, కానీ అర్థం సత్తువ పీల్చెయ్యడం. 'రెస్టివ్' అంటే విశ్రాంతిగా ఉన్నవాడు కాదు, నిలకడ లేక అసహనంగా కదిలేవాడు. 'డిస్‌ఇంటరెస్టెడ్' అంటే ఏ పక్షమూ లేనివాడు, తీర్పు చెప్పేవాడికి అది మంచి గుణం. ఇలాంటివి కనిపించినప్పుడల్లా విడిగా ఒక పేజీలో పెట్టండి. ఆ పేజీని పరీక్ష ముందురోజు కూడా చూడొచ్చు.

5. మీకొచ్చిన ఉపసర్గలు అక్కడా పనిచేస్తాయి.

తెలుగు వాచకంలో ప్ర, వి, సు, దుర్ అని ఉపసర్గలు చదివారు కదా. మార్కుల కోసం చదివి మర్చిపోయారు. వాటిని బయటికి తియ్యండి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకి ఒకే మూలం ఉండి ఉండాలని ప్రకటించాడు. తెలుగు ఆ కుటుంబంది కాదు, ద్రావిడ భాష. ఆ సంగతి 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర నిరూపించాడు. అయినా మన తెలుగులో సంస్కృతం మాటలు బోలెడు కలిసిపోయాయి. జీఆర్‌ఈ ఇంగ్లీషులో గ్రీకు, లాటిన్ మాటలు బోలెడు. అందుకని మీకు తెలియకుండానే మీ దగ్గర కొన్ని తాళంచెవులున్నాయి.

'వోక్' అంటే వాక్కు: వోసిఫెరస్, ఈక్వివోకేట్. 'మోర్ట్' అంటే మృత్యువు, 'ఇమ్మోర్టల్' అంటే అమృతం వైపు మాట. 'జెన్' అంటే జననం: ప్రోజెనీ, ఇండిజినస్. 'నోవ్' అంటే నవ్యత: నోవెల్, ఇన్నోవేట్. 'పెడ్' పాదం, 'డెంట్' దంతం, 'మాగ్న' మహా. గ్రీకు నుంచి వచ్చిన 'యూ' మన 'సు': యూలజీ, యూఫెమిజం. డి, వై, ఎస్ అని రాసే 'డిస్' మన 'దుస్': డిస్టోపియా. డి, ఐ, ఎస్ అని రాసేది వేరు, అది లాటిన్‌ది, విడదీయడం, కాదనడం దాని పని. ఆ రెండిటినీ కలపకండి. 'ఎనానిమస్' మాటని విడదీస్తే 'లేని' ప్లస్ 'పేరు'. మన 'అనామకం' కూడా సరిగ్గా అవే రెండు ముక్కలు.

1949లో వచ్చిన నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' ఈ పద్ధతినే నమ్ముకున్న పుస్తకం. ఇప్పటికీ అది మన పిల్లలకి మంచిదే, అయితే పక్కన కూర్చుని పూర్తిచెయ్యాలి, అల్మరాలో పెడితే రాదు. ఒక హెచ్చరిక. మూలాలు ఊహకి సాయం, తీర్పుకి కాదు. 'ఇన్‌ఫ్లేమబుల్'లో 'ఇన్' ఉంది కదా అని మంట అంటుకోనిదనుకుంటే కొంప అంటుకుంటుంది. 'ఇన్వాల్యుబుల్' విలువలేనిది కాదు, వెల కట్టలేనిది.

6. పలక మీద రాసి చెరపండి.

మార్కాపురం పలక మన ప్రాంతపు వస్తువు. ఒకప్పుడు దేశంలో ఎన్నో బళ్లకి అక్కడి నుంచే పలకలు వెళ్లేవి. నోటుపుస్తకాలొచ్చాక ఆ గిరాకీ తగ్గింది. కానీ మాటలు నేర్చుకోవడానికి దానికంటే మంచి సాధనం నేను చూడలేదు. ఎందుకో చెబుతాను.

పిల్లలు మాటల జాబితాని మళ్లీ మళ్లీ కళ్లతో చదువుతారు. చదివిన ప్రతిసారీ తెలిసినట్టే అనిపిస్తుంది. అది గుర్తుపట్టడం, గుర్తుకు తెచ్చుకోవడం వేరు. పుస్తకం మూసి, పలక తీసి, ఆ మాటని, మీరు రాసుకున్న వాక్యాన్ని చూడకుండా రాయండి. రాకపోతే ఒక నిమిషం గింజుకోండి, ఆ గింజులాటలోనే అసలు పని జరుగుతుంది. అప్పుడు పుస్తకం తెరిచి సరిచూడండి. చెరిపేసి మళ్లీ రాయండి. నోటుపుస్తకంలో అయితే పైన రాసినది కనిపిస్తూనే ఉంటుంది, కన్ను అటే పోతుంది. పలక మీద ఏమీ మిగలదు.

జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు తనే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం రాశాడు. మరపు మొదట్లో చాలా వేగంగా వస్తుందని, తరవాత నెమ్మదిస్తుందని ఆయన చూపించాడు. అంటే ఈ రోజు నేర్చుకున్నది రేపే ఒకసారి తిరగెయ్యాలి. ఆ తరవాత మూడో రోజు, వారం, రెండు వారాలు అని ఎడం పెంచుకుంటూ పోవచ్చు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ దీనికి చీటీల పెట్టె పద్ధతి చెప్పాడు: వచ్చిన మాట చీటీ తరవాతి అరలోకి, రాని మాట మళ్లీ మొదటి అరలోకి. చెప్పుల అట్టపెట్టెలో మూడు అట్టముక్కలు అడ్డుగా పెడితే తయారు. ఫోనులో చెయ్యాలంటే ఆంకీ అనే యాప్ ఇదే పని చేస్తుంది. అయితే ఎవరో చేసిపెట్టిన చీటీలు దించుకోకండి. సొంతంగా రాసుకున్న వాక్యమే మనసులో నిలుస్తుంది.

రోజుకి పదిహేను కొత్త మాటలు చాలు. వారంలో ఒకరోజు కొత్తవి వద్దు, పాతవే.

7. ఖాళీని ముందు తెలుగులో నింపండి.

ఇది చెప్పినప్పుడు పిల్లలు మొదట నమ్మరు. ఇంగ్లీషు పరీక్షలో తెలుగేంటి సార్ అంటారు. ఈ వాక్యం చూడండి: "పైకి చెరువు నిండుగా కనిపిస్తున్నా, ఏళ్లుగా పూడిక పేరుకుపోవడం వల్ల అందులో ఉన్న నీళ్లు ______." పక్కన ఏ మాటలూ ఇవ్వకుండానే మీరంతా "తక్కువే" అంటారు. ఎందుకు? "కనిపిస్తున్నా" అన్న చోట వాక్యం మలుపు తిరుగుతుందని మీకు తెలుసు, "వల్ల" అన్న చోట కారణం చెబుతున్నారని తెలుసు. ఇంగ్లీషులో కూడా అంతే. ఇచ్చిన మాటలు చేత్తో మూసి, వాక్యం చదివి, ఖాళీలో ఏ భావం రావాలో తెలుగులో మనసులో అనుకోండి. అప్పుడు చెయ్యి తీసి, ఆ భావానికి దగ్గరైన మాట వెతకండి. మాటలు ముందే చూస్తే ప్రతి ఒక్కటీ సరిపోయినట్టే ఉంటుంది, ప్రశ్నలు తయారుచేసేవాళ్లు వాటిని అలాగే పేరుస్తారు.

దీనికోసం చిన్న మాటల మీద శ్రద్ధ పెట్టాలి. ఆల్దో, డిస్పైట్, ఆల్బీయిట్, హెన్స్, లెస్ట్, హార్డ్‌లీ. 'ఎనీథింగ్ బట్' అంటే ఎంతమాత్రం కాదు. 'నథింగ్ బట్' అంటే కేవలం అదే. ఒక్క ముక్క తేడాతో వాక్యం తలకిందులవుతుంది. రెండు చుక్కలు నిలువుగా పెట్టే కోలన్ కనిపిస్తే, దాని తరవాత వచ్చేది ముందున్నదానికి వివరణే. ఖాళీ దానికి ఇవతల ఉంటే జవాబు అవతల ఉంటుంది. పెద్ద మాటల జాబితాలు ఎన్నో ఉన్నాయి గానీ, ఈ చిన్న మాటల జాబితా మీకు మీరే రాసుకోవాలి.

ఆరు మాటల్లో రెండు ఎంచుకునే ప్రశ్నలో ఒక ఉచ్చు ఉంటుంది. పర్యాయపదాల జంట ఒకటి ముచ్చటగా కనిపిస్తుంది, వాక్యానికి మాత్రం సరిపడదు. జంట కోసం వెతకడం రెండో పని, ముందు వాక్యానికి సరిపడే భావం.

8. చదవండి. ఇది లేకుండా పైవన్నీ సగమే.

పేరాల వస్తువు ఏదైనా కావచ్చు: పక్షుల వలస, పాత చిత్రకళ, సూక్ష్మజీవులు, చరిత్రకారుల తగాదాలు. మన పిల్లలకి పరాయిగా తోచేది మాటల కన్నా ఈ విషయాలే. రోజూ ఒక వ్యాసం చదవాలి. హిందూ పత్రిక సంపాదకీయం పేజీతో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగకండి. సైన్సు, చరిత్ర, కళల మీద మంచి పత్రికలు చాలా వ్యాసాలు ఊరికే చదవనిస్తాయి. మొదటిసారి నిఘంటువు ముట్టుకోకుండా చదివి, రచయిత చెప్పదలుచుకున్నది తెలుగులో రెండు వాక్యాలు రాయండి. రెండోసారి తెలియని మాటల అర్థం ఊహించి పెన్సిలుతో రాయండి. మూడోసారి నిఘంటువు. ఊహ ఎన్నిచోట్ల నిజమైందో చూసుకోండి. వారాలు గడిచేకొద్దీ అవి పెరుగుతుంటే, మీరు సరైన దారిలో ఉన్నట్టు.

తెలుగు మీడియంలో చదివామని కొందరు పిల్లలు తల దించుకుని చెబుతారు. అది నాకు నచ్చదు. ప్రకాశం జిల్లాకి ఎవరి పేరు పెట్టారో గుర్తు చేసుకోండి. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం పంతులు గారు తండ్రి పోయాక, ఒంగోల్లో తల్లి పూటకూళ్లిల్లు నడుపుతుంటే పెరిగారు. ఇంగ్లండు వెళ్లి బారిష్టరయ్యారు. 1921లో మద్రాసులో స్వరాజ్య పత్రిక పెట్టి ఇంగ్లీషులో నడిపారు. ఇంట్లో ఇంగ్లీషు లేని పిల్లలకి ఆ భాషలో పెద్ద చదువు అందదని ఎవరైనా అంటే, ఆ జిల్లా పేరే వాళ్లకి జవాబు. తెలుగులో బాగా చదివే పిల్లలు, కథలూ నవలలూ నమిలేసినవాళ్లు, పేరాల దగ్గర త్వరగా అందుకోవడం నేను బడిలో చూస్తూ వచ్చాను. వాదన ఎక్కడ మొదలైంది, ఎక్కడ మలుపు తిరిగింది అని చూసే చూపు ఏ భాషలో అలవాటైనా ఇంకో భాషలోకి వస్తుంది. తెలుగు చదవడం మానకండి.

9. డబ్బు కట్టే ముందు.

మీరు చేరదలుచుకున్న యూనివర్సిటీ, ఆ విభాగం జీఆర్‌ఈ అడుగుతున్నాయో లేదో వాళ్ల వెబ్‌సైటులో చూడండి. 2020 నుంచి చాలాచోట్ల ఐచ్ఛికం చేశారు, కొన్నిచోట్ల మళ్లీ అడుగుతున్నారు. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. మళ్లీ రాయాలంటే 21 రోజులు ఆగాలి. ఇంటి నుంచి రాసే పరీక్షని మీ బదులు మేం రాసిపెడతామని ఎవరైనా చెబితే వాళ్ల గడప తొక్కకండి. పట్టుబడితే స్కోరు రద్దవుతుంది, దాంతోపాటు మీ చదువు, వీసా, నాన్న అమ్మిన పొలం అన్నీ పోతాయి.

10. వ్యాసంలో కొత్త మాటలు కుక్కకండి.

30 నిమిషాల్లో ఒక అంశం మీద వ్యాసం రాయాలి. నెలల తరబడి మాటలు నేర్చుకున్న పిల్లలు వాటన్నిటినీ అక్కడ దింపాలని చూస్తారు. దిద్దేవాళ్లు చూసేది మీ వాదన, దానికిచ్చిన కారణాలు, ఉదాహరణలు, వాక్యాల స్పష్టత. వందసార్లు చదివి, సొంత వాక్యాల్లో వాడి, ఎక్కడ సరిపోతుందో మనసుకి తెలిసిన మాటైతే ధైర్యంగా వాడండి. నిన్న నేర్చుకున్నది రేపటి వ్యాసానికి వద్దు. ఉదాహరణలు మీకు తెలిసిన జీవితం నుంచి తీసుకోండి. సాంకేతికత మనిషికి మేలు చేసిందా అని అడిగితే ఫ్లోరైడు నీళ్ల ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు వచ్చాక ఏం మారిందో, ఏం మారలేదో రాయండి. మీకు పూర్తిగా తెలిసిన విషయం గనక వాక్యం తడబడదు. రాయడం అయ్యాక రెండు నిమిషాలు మిగుల్చుకుని, క్రియలు కర్తలకి సరిపోయాయో లేదో ఒకసారి చూసుకోండి. మన పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే.